వత్తు దగ్గర ఆగిన వేలు

మూడో తరగతి పిల్లవాడు అక్షరమాలను గడగడా అప్పజెబుతాడు. వరస తప్పించి, నడుమనున్న 'ఘ' మీద వేలు పెట్టి ఇదేమిటని అడగండి, నోరు పెగలదు. వాడు నేర్చుకున్నది అక్షరాల పాట.

రాసినట్టే పలుకుతామని మన లిపిని చూసి మురిసిపోతాం. నిజమే, కానీ మొదటి మెట్లు మహా నిటారు. ఇంగ్లీషు నేర్చేవారికి 26 అక్షరాలు. మనకు హల్లుల గుణింతాలు లెక్కవేస్తేనే రూపాలు ఐదు వందలు దాటుతాయి, వత్తులు ఆపైన. పైగా మ, య కవలల్లా ఉంటాయి, ప, వ కూడా అంతే. మన లిపికి తోబుట్టువైన కన్నడంలో పిల్లలు అక్షరాలు నేర్చే తీరును పరిశోధకురాలు సొనాలీ నాగ్ పరిశీలించారు. ఆ పని ఒకటో తరగతితో తీరదని, నాలుగో తరగతిలోనూ సాగుతూనే ఉంటుందని తేలింది.

ఈ ఆలస్యం అందరికీ ఉన్నదే. కలిగిన ఇంట్లో ట్యూషన్ దాన్ని పూడుస్తుంది. తెల్లవారుతూనే కూలికి వెళ్లే, చదువురాని తల్లిదండ్రుల ఇంట్లో పూడ్చేవారెవరు? పాఠాలు మాత్రం ఆగవు. 'కష్టం'లో 'ష్ట' కూడబలుక్కుని వాక్యం చివరికి చేరేసరికి మొదలు మరుపున పడుతుంది. అప్పటికప్పుడు మనసులో నిలుపుకోగల జాగా కొంచెమే. అక్షరాలే దాన్ని ఆక్రమిస్తే అర్థానికి చోటుండదు. దీనికి మనం పెట్టిన పేరు మొద్దుతనం! ఊళ్లలో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2024 లెక్క ప్రకారం గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 27.1 శాతమే. తక్కినవారంతా మొద్దులేనా?

ముంబయి, వడోదర నగరాల్లో పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ఒక ప్రయోగం చేసింది. మూడు, నాలుగు తరగతుల్లో వెనుకబడిన పిల్లలను రోజుకు రెండు గంటలు పక్కకు తీసుకెళ్లి, 'బాలసఖి' అనే స్థానిక యువతి చేత మొదటి నుంచి చెప్పించారు. ఆమె ఉపాధ్యాయ శిక్షణ పొందినదేమీ కాదు, జీతమూ స్వల్పం. 2001 నుంచి 2003 వరకు ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం ఫలితాలను కొలిచింది. అట్టడుగున ఉన్నవారే బాగా పుంజుకున్నారు. నాకు ఆసక్తి కలిగించినది మరొకటి: వీరు వెళ్లిపోయాక తరగతి పలచబడింది కదా, అక్కడ మిగిలిన పిల్లలకు దానివల్ల ఒరిగిందేమీ లేదు. తరగతిలో తలలు తగ్గితే చాలుననుకునేవారికి ఇది మింగుడుపడదు.

ఆ తర్వాత పిల్లలను తరగతిని బట్టి కాక, అక్షరం, పదం, పేరా, కథల్లో ఎక్కడ ఆగారో చూసి జట్లు కట్టడం ప్రథమ్ పద్ధతిగా స్థిరపడింది. బీహార్‌లో 2008 వేసవిలో ప్రభుత్వ ఉపాధ్యాయులే నెల రోజుల శిబిరాల్లో ఇలా చెబితే పిల్లల చదువు మెరుగుపడింది. అదే రాష్ట్రంలో ఉపాధ్యాయులకు శిక్షణ, సామగ్రి ఇచ్చి మామూలు బడి రోజులకే వదిలేసినచోట ఫలితం కనబడలేదు. బడి తెరిచాక వారి ముందు మళ్లీ సిలబస్ ఉంటుంది.