ఆ తాతకి గడ్డం ఎవరు గీశారు?

చిరంజీవులు చిన్నీకి, కిట్టూకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న సెలవులకు వచ్చినప్పుడు అందరం కలిసి సినిమాకి వెళ్లాం కదా. ఇంటర్వెల్ తర్వాత పక్షవాతం వచ్చి మంచాన పడ్డ ఆ పెద్దాయనను చూసి హాల్లో అందరూ కళ్లు తుడుచుకుంటున్నారు. అప్పుడు చిన్నీ నా చెవి దగ్గరకు వచ్చి మెల్లగా అడిగింది: "తాతయ్యా, ఆ తాతకి గడ్డం ఎవరు గీశారు?"

నేను జవాబు చెప్పలేదు. "సినిమా చూడమ్మా" అన్నాను. అలా అన్నందుకు అప్పటినుంచీ మనసులో ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. ఆ సినిమా చూసినవాళ్లు అడగాల్సిన ప్రశ్న అదొక్కటే, దాన్ని నువ్వు అడిగావు, నేను నోరు మూయించాను. అందుకే ఈ ఉత్తరం.

నీకు ఆ అనుమానం ఎందుకొచ్చిందో నాకు తెలుసు. మీ ఇంట్లో అమ్మమ్మ ఉన్నారు. ఆవిడ ఎడమ చెయ్యి ఎత్తలేరు. పొద్దున లేస్తూనే మీ అమ్మ ఆవిడ మొహం కడగడం, తల దువ్వడం, దుప్పటి మార్చడం నువ్వు రోజూ చూస్తున్నావు. మరి తెర మీద ఆయన ఆరు నెలలుగా కదల్లేని మనిషి. నున్నటి గడ్డంతో, నలగని తెల్ల చొక్కాతో కనిపించేసరికి నీకు లెక్క కుదరలేదు. షూటింగ్‌లో అయితే మేకప్ చేసేవాళ్లు గీసి ఉంటారమ్మా. కథలో మాత్రం ఎవరూ గీయలేదు.

సినిమా అంటే సెకనుకు 24 బొమ్మలు. రెండున్నర గంటలకు ఎన్నో కిట్టూ గుణించి చూడు. 2,16,000 వస్తాయి. అన్ని బొమ్మల్లో తడిగుడ్డ పట్టుకున్న చెయ్యి ఒక్కటి లేదు. పెద్దకొడుకు ఆస్తి రాయించుకోవడం ఉంది. కోడలు కంచం విసిరేయడం ఉంది. పెద్దాయన వానలో మెట్ల మీద కూర్చోవడం ఉంది. ఆఖర్న చిన్నకొడుకు వచ్చి అందరికీ గడ్డి పెట్టడం, పెద్దకొడుకు కాళ్ల మీద పడటం, ఆయన చెయ్యెత్తి దీవించి కన్నుమూయడం. యాభై ఏళ్లుగా నేను సినిమాలు చూస్తున్నాను. నటులు మారారు, కెమెరాలు మారాయి, ఈ వరస మాత్రం మారలేదు. సినిమా అంటే నాకు ప్రాణం కాబట్టే ఇంత బాధ.

ఇది మీకెలా చెప్పాలా అని ఆలోచిస్తుంటే మా ఇంటి గోడగడియారం గుర్తొచ్చింది. మీ గడియారాలకు బ్యాటరీ వేస్తే చాలు. మా చిన్నప్పటిదానికి వారానికోసారి కీ ఇవ్వాలి. కింద ఊగే లోలకం, పైన తెల్లటి ముఖం, ఆ ముఖం మీద రెండు కన్నాలు. కుడి కన్నంలో కీ పెట్టి తిప్పితే ముళ్లు నడుస్తాయి. ఎడమ కన్నంలో తిప్పితే గంటలు కొడుతుంది. దేని స్ప్రింగు దానిదే. మా తాతకు చేతులు వణకడం మొదలయ్యాక కీ కన్నంలో కుదిరేది కాదు, చుట్టూ గీతలు పడేవి. ఒక ఆదివారం నన్ను పిలిచి, స్టూలు వేయించి, కీ నా చేతికిచ్చారు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆయన కింద నిలబడి రెండు చేతులతో స్టూలు పట్టుకుని, నేను తిప్పే చుట్లు పైకి లెక్కపెట్టేవారు. "బిగుసుకుంటే ఆపెయ్యి, మొండికి పోకు" అనేవారు.

ఎవరి పిల్లలకైనా గంటలంటేనే ఇష్టం. పన్నెండు కొడుతుంటే అన్నదమ్ములం కింద నిలబడి లెక్కపెట్టేవాళ్లం. ఒక వారం ఆటల తొందరలో ఎడమవైపు మాత్రం తిప్పేసి స్టూలు దిగి పారిపోయాను. మర్నాడో ఆ మర్నాడో, రాత్రి మూడుంపావు దాటాక గడియారం ఆగిపోయింది. గంటల స్ప్రింగు నిండుగానే ఉంది. కానీ ముల్లు నడిస్తే కదా గంట కొట్టేది! ఆ రాత్రి మా తాతకు మెలకువ వచ్చిందట. చప్పుడై కాదు, చప్పుడు ఆగి. పొద్దున నన్ను తిట్టలేదు. "గంట కొట్టాలంటే ముందు ముల్లు నడవాలిరా" అని, స్టూలు తెచ్చుకోమన్నారు.

మన సినిమాలు ఎడమ కన్నానికే కీ ఇస్తున్నాయి పిల్లలూ. గంట కొడితే హాలంతా వింటుంది, ఏడుస్తుంది, చప్పట్లు కొడుతుంది. టిక్కు టిక్కు మాత్రం ఆగిపోతేనే తెలుస్తుంది.

ఆ టిక్కు టిక్కు ఏమిటో చెబుతాను. కదల్లేని మనిషిని ఒకే పక్క మీద వదిలేస్తే, బరువంతా ఒకేచోట పడి, అక్కడికి రక్తం అందక, పుండ్లు పడతాయి. మడమలు, తుంటి, నడుము కింద ఎముక దగ్గర మొదట చర్మం ఎర్రబడుతుంది. అందుకే మామూలుగా రెండు గంటలకోసారి పక్కకు తిప్పమంటారు. అంటే రోజుకు 12 సార్లు. ఆ పన్నెండులో రాత్రివి కూడా ఉన్నాయి. తినిపించాలంటే ముందు లేపి కూర్చోబెట్టాలి. పక్షవాతం కాలూ చెయ్యే కాదు, ఒక్కోసారి గొంతునూ పట్టేస్తుంది. మింగడం కష్టమవుతుంది. తొందరపడితే పొలమారి, కడుపులోకి పోవాల్సింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తిన్నాక కూడా అరగంట కూర్చోబెట్టే ఉంచాలి. మన సినిమాలో చిన్నకొడుకు వెల్లకిలా పడుకున్న తండ్రి నోట్లో చెంచాతో నీళ్లు పోశాడు, వెనక వయొలిన్ మోగింది, పక్క సీటావిడ వెక్కి వెక్కి ఏడ్చింది. నాకైతే గుండె గుభేలుమంది. లేపి కూర్చోబెట్టు నాయనా అని అరవబోయి ఆగాను.

మతిమరుపు సినిమాలు ఇంకో రకం. పాత ఫొటోనో పాత పాటో ఎదురుపడగానే పోయిన జ్ఞాపకాలన్నీ ఒక్కసారిగా తిరిగొచ్చేస్తాయి. 1906లో జర్మనీలో అల్జీమర్ అనే డాక్టరు మొదట వివరించిన జబ్బు అది, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. అందులో నిన్నటి సంగతి ముందు పోతుంది, చిన్ననాటి సంగతి చాలాకాలం నిలుస్తుంది. ఒక్కో పూట మనిషి కాస్త తేటగా కనిపించవచ్చు. అంతేగానీ క్లైమాక్స్‌లో నయమై లేవడం ఉండదు. ఆ ఆశతో ఎదురుచూసే ఇళ్లు ఎన్నో, వాళ్లకు ఈ అబద్ధం ఎంత బరువో ఆ సినిమా తీసినవాళ్లు ఆలోచించాల్సింది.

మళ్లీ గడియారానికి వస్తాను. అది రోజూ కొంచెం వెనకబడేది. మేం కుర్రాళ్లం ముల్లు పట్టుకుని తోసేసేవాళ్లం. మా తాత అలా ముట్టుకోనిచ్చేవారు కాదు. లోలకం అడుగున చిన్న మర ఉండేది. దాన్ని పిసరంత పైకి తిప్పి వదిలేసి, మర్నాడు చూసేవారు. పెద్దవాళ్ల దగ్గరా అంతే. తోస్తే పని జరగదు, చిన్న చిన్న మరలు తిప్పుకోవాలి. కిట్టూ, నువ్వు ఏం చెప్పినా అమ్మమ్మ "ఏంటీ?" అంటున్నారని విసుక్కుంటావు. వయసు పైబడితే ముందుగా సన్నటి, కీచు శబ్దాలు వినపడటం తగ్గుతుంది. మీ పిల్లల గొంతులన్నీ అలాంటివే. అరిస్తే ఇంకా కలగాపులగం అవుతుంది. ఎదురుగా కూర్చో, కీచుగా కాకుండా గొంతు కాస్త దించి, మెల్లగా చెప్పు. గదిలో ఇంకో లైటు వెయ్యి. ఇరవై ఏళ్లవాడి కంటి లోపలికి చేరే వెలుతురులో మూడో వంతే అరవై ఏళ్లవాళ్లకు చేరుతుంది. మేం కళ్లు చికిలించి చూసేది కోపంతో కాదర్రా.

ఇక మీకు ఇంతవరకూ చెప్పని సంగతి ఒకటి.

మా అమ్మ చివరి రెండేళ్లు మంచంలోనే ఉంది. అందులో మూడొంతుల చాకిరీ మీ నాయనమ్మది. చూడటానికి వచ్చినవాళ్లు మాత్రం నన్ను మెచ్చుకునేవారు, "కొడుకంటే నువ్వేనయ్యా" అని. మీ నాయనమ్మ పక్క గదిలో దుప్పట్లు మడతపెడుతూ వినేది. సినిమాల్లోనూ ఇదే కదా. మాటలు కొడుకువి, పని ఇంటి ఆడవాళ్లది. పైగా చెడ్డపేరు కూడా వాళ్లకే.

ఒక రాత్రి అమ్మ మూడోసారి పిలిచింది. దాహం అంది. లేపి కూర్చోబెట్టి నీళ్లిస్తే వద్దంది. పడుకోబెట్టి నేనిలా వెళ్లానో లేదో మళ్లీ పిలిచింది. "ఏంటమ్మా నీ గోల!" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. మొహం గోడవైపు తిప్పుకుంది. నాకు తెల్లవార్లూ నిద్ర లేదు. నేను చూసిన ప్రతి సినిమాలోనూ కన్నతల్లిని విసుక్కునేవాడు దుర్మార్గుడే. అయితే నేనూ దుర్మార్గుణ్నే అని తేల్చుకున్నాను. సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేదు. ఎన్నో ఏళ్ల తర్వాత ఒకరోజు మీ నాయనమ్మ తనంతట తనే చెప్పింది, తనూ ఒకసారి అలాగే కసిరి, బాత్రూమ్‌లో కుళాయి తిప్పుకుని ఏడ్చానని. ఒకే ఇంట్లో, ఒకే మనిషికి చేస్తూ, ఇద్దరం ఎవరి పాపం వాళ్లం దాచుకున్నాం. నిద్రలేక అలసిపోయిన మనిషి నోరు జారడం సినిమాలో ఒక్కసారి చూసి ఉంటే, మర్నాడు పొద్దున నేను మీ నాయనమ్మతో చెప్పుకుని ఉండేవాణ్ని. మా సినిమాల్లో దేవుళ్లు ఉన్నారు, రాక్షసులు ఉన్నారు. నిద్ర చాలనివాళ్లు లేరు.

అమ్మ మర్నాడు లేస్తూనే ఏమందో తెలుసా? "రాత్రంతా నీకు నిద్ర లేదు. కాసేపు పడుకో" అంది.

వేరేలా తీసినవాళ్లు లేకపోలేదు. జపాన్‌లో యసుజిరో ఓజు అనే దర్శకుడు 1953లో "టోక్యో స్టోరీ" అని ఒక సినిమా తీశారు. ముసలి దంపతులు పట్నంలో ఉన్న పిల్లల్ని చూడటానికి వెళతారు. పిల్లలకు తీరిక ఉండదు. కంచాలు విసరరు, గెంటేయరు. ఊరికే తీరిక ఉండదు, అంతే. యుద్ధంలో చనిపోయిన కొడుకు భార్య మాత్రం ఆఫీసుకు సెలవు పెట్టి వాళ్లకు ఊరు చూపిస్తుంది. కెమెరాను కూడా నేల మీద కూర్చున్న మనిషి చూస్తున్నట్టు, బాగా తక్కువ ఎత్తులోనే పెట్టారాయన. మీరు పెద్దయ్యాక చూడండి. ఇప్పుడైతే మీకు నిద్రొస్తుంది.

గడియారాన్ని ఇంత దూరం మోసుకొచ్చాను గానీ, ఒకచోట ఆ పోలిక పనికిరాదు. కీ ఇచ్చేవాడి మొహంలోకి గడియారం చూడదు. మా అమ్మ చూసేది. పక్కకు తిప్పుతుంటే, దువ్వుతుంటే, నా మొహంలో ఏం వెతుక్కునేదో నాకు ఇప్పటికీ అంతు పట్టదు. మొన్నటి సినిమాలో ఆ పెద్దాయనను "మీకేం కావాలి?" అని మొదటినుంచి చివరిదాకా ఒక్కరూ అడగలేదు. ఆయన ఏం చెప్పేవాడో వినాలని నాకు ఎంతో ఉండింది.

మా అమ్మకు కుడి పక్క చచ్చుబడింది. చలికాలంలో స్వెట్టర్ తొడగడం నా పని. వారం రోజులు ఒకే తప్పు చేశాను. తప్పు చెయ్యి ముందు తొడిగేవాణ్ని. రెండో చెయ్యి దగ్గరకొచ్చేసరికి స్వెట్టర్ వీపు వెనక బిగుసుకుపోయేది. ఆవిడ భుజం మెలిపడేది, పళ్లు బిగబట్టి కళ్లు మూసుకునేది. చలికి కష్టంగా ఉందేమో అనుకున్నాను. ఫిజియోథెరపీ చేయించడానికి వచ్చే అమ్మాయి చూసి, "ఆ చెయ్యి ముందు కాదండీ" అంది. మార్చి తొడిగాను. స్వెట్టర్ జర్రున జారిపోయింది. మా అమ్మ ఆశ్చర్యంగా తన చేతినీ నన్నూ మార్చి మార్చి చూసింది. మా అమ్మ విషయంలో నేను చేసిన మంచిపని ఒక్కటి చెప్పమంటే అదే చెబుతాను.

ఏ చెయ్యి ముందో మాత్రం నేను చెప్పను. మీ అమ్మకు తెలుసు. రేపు పొద్దున అమ్మమ్మకు స్వెట్టర్ తొడుగుతున్నప్పుడు, "చూడొచ్చా అమ్మమ్మా?" అని అడగండి. ఆవిడ సరేనంటేనే పక్కన నిలబడండి. విప్పేటప్పుడు వరస మారుతుంది, అదీ చూడండి. కిట్టూ, నువ్వు ఒక చెయ్యి అస్సలు కదపకుండా ఉంచుకుని నీ చొక్కా తొడుక్కో. రెండు విధాలుగానూ తొడుక్కుని, తేడా ఏమిటో చిన్నీకి చెప్పు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి నాకు ఉత్తరం రాయండి.

మీ తాతయ్య