ప్రైవసీ పాలసీ పేజీ వెనక పాతికేళ్ల గొడవ

సోషల్ నెట్‌వర్కింగ్ సైటు పెడదామనుకునేవాళ్లు లాయర్‌ని ముందు అడిగేది ఒకటే, "ఒక ప్రైవసీ పాలసీ రాసివ్వండి సార్" అని, అంటే యూజర్ల వివరాలు ఏం తీసుకుంటాం, వాటిని ఏం చేస్తాం అని చెప్పే పేజీ. కొందరైతే అదీ అడగరు, పెద్ద సైటుది కాపీ కొట్టి పేరు మార్చి పెట్టేస్తారు. ఆ పేజీ ఉంటే సేఫ్ అని వాళ్ల నమ్మకం, కానీ పాత కేసులు చూస్తే చాలామందిని ఇరికించింది ఆ పేజీయే.

1998 సంగతి చూడండి. ఇంటర్నెట్ ప్రైవసీ మీద అమెరికాలో వినియోగదారుల తరఫున చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పెట్టిన మొదటి కేసు జియోసిటీస్ మీద. అప్పటికి ఫేస్‌బుక్ ఊసే లేదు, ఎవరి హోమ్‌పేజీ వాళ్లు కట్టుకుని నచ్చిన టాపిక్‌కి సంబంధించిన పేటలో చేరిపోయే సైటు అది. చేరేటప్పుడు ఇచ్చిన వివరాలు మీ పర్మిషన్ లేకుండా బయటికి ఇవ్వం అని రాసుకుని, ఇచ్చేశారని ఆరోపణ. చివరికి రాజీ పడ్డారు. ఇక్కడ అసలు పాయింటు ఏంటంటే అక్కడ అన్నిటికీ వర్తించే ఫెడరల్ ప్రైవసీ చట్టం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు, కమిషన్ వాడింది జనాన్ని మోసం చెయ్యకూడదు అనే పాత సెక్షన్‌ని. అంటే ఏమీ రాయనివాణ్ని పట్టుకోవడం కష్టం, రాసి తప్పినవాడు ఇట్టే దొరికిపోతాడు. మరి లాయర్లు ఊరుకుంటారా, ఎటూ తేలని మాటలతో పేజీలకి పేజీలు రాయడం మొదలుపెట్టారు. అసలు రాయకుండా తప్పించుకుందాం అంటే 2004 జులై నుంచి కాలిఫోర్నియా చట్టం ఆ దారీ మూసేసింది, అక్కడి యూజర్ల వివరాలు తీసుకునే సైటు ఎక్కడున్నా పాలసీ పెట్టాల్సిందే.

పిల్లల విషయంలో మాత్రం చట్టం ముందే వచ్చింది, 13 ఏళ్లలోపు వాళ్ల డేటా తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని. 2006లో జాంగా అనే సైటు దీనికి దొరికింది. 13 నిండితేనే చేరాలి అని పేజీలో రాసుంది, కానీ పక్కనే ఉన్న పుట్టినతేదీ బాక్సులో పిల్లలు నిజం చెప్పినా అకౌంట్ ఇచ్చేసింది, అలా 17 లక్షల అకౌంట్లు అని కమిషన్ లెక్క. పది లక్షల డాలర్ల జరిమానా పడింది. పాలసీ ఒకటి, కోడ్ ఇంకొకటి అయితే ఇదీ పరిస్థితి.

2007లో ఫేస్‌బుక్ బీకన్ అని ఒకటి తెచ్చింది, వేరే సైట్లలో మీరు ఏం కొన్నారో మీ ఫ్రెండ్స్‌కి చూపించేది. భార్యకి సర్‌ప్రైజ్‌గా ఉంగరం కొన్న ఒకాయన సంగతి ఆవిడతో సహా అందరికీ తెలిసిపోయింది! కోర్టుకి వెళ్లారు, 95 లక్షల డాలర్లకి సెటిల్ అయింది, బీకన్ మూతపడింది. 2011లో కమిషన్ ఇంకా పెద్ద చిట్టా తీసింది. ఫ్రెండ్స్ ఓన్లీ అని పెట్టుకున్నవి కూడా ఆ ఫ్రెండ్స్ వాడే యాప్‌లకి వెళ్లిపోతున్నాయని అందులో ఒకటి. 20 ఏళ్లపాటు బయటివాళ్లతో ఆడిట్ చేయించుకోవాలని ఒప్పందం. సరిగ్గా ఆ ఫ్రెండ్స్ యాప్‌ల దారిలోనే తర్వాత కేంబ్రిడ్జ్ అనలిటికా అనే రాజకీయ ప్రచారాల కంపెనీకి యూజర్ల డేటా చేరిన గొడవ జరిగింది, ఒక క్విజ్ యాప్ వేసుకున్నది 2.7 లక్షల మంది, వివరాలు పోయింది 8.7 కోట్ల మంది దాకా అని కంపెనీయే చెప్పింది. ముందే ఒప్పందం మీద సంతకం పెట్టి ఉంది కాబట్టి 2019లో జరిమానా ఏకంగా 500 కోట్ల డాలర్లకి వెళ్లింది.

యూరప్‌ది వేరే లెక్క. అక్కడ 1995 నుంచే డేటా మనిషి హక్కు కింద లెక్క. 2011లో మాక్స్ ష్రెమ్స్ అనే ఆస్ట్రియా లా స్టూడెంట్ నా డేటా నాకివ్వండి అని ఫేస్‌బుక్‌ని అడిగితే 1,200 పేజీలకి పైగా వచ్చింది, తను డిలీట్ చేశాననుకున్నవి కూడా అందులో ఉన్నాయి. ఆయన ఫిర్యాదులతోనే యూరప్ డేటా అమెరికాకి పంపే రెండు ఏర్పాట్లు 2015లో, 2020లో కోర్టులో కూలిపోయాయి. 2018 మే 25 నుంచి జీడీపీఆర్ అనే యూరప్ డేటా రక్షణ చట్టం అమల్లోకి వచ్చింది, తీవ్రమైన ఉల్లంఘనకి ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 4 శాతం దాకా జరిమానా.

చిన్న సైట్లవాళ్లు మాకెందుకులే అనుకుంటారు గానీ 2019లో యూరప్ కోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి చదవాలి. ఒక జర్మన్ బట్టల సైటు తన పేజీలో లైక్ బటన్ పెట్టుకుంది. ఎవరూ బటన్ నొక్కకపోయినా, పేజీ తెరవగానే వచ్చినవాళ్ల వివరాలు ఫేస్‌బుక్‌కి వెళ్లిపోతాయి. ఆ సేకరణలో, పంపడంలో సైటువాళ్లకీ బాధ్యత ఉంది అన్నారు. అప్పట్నుంచి తెలిసిన లాయర్ ఎవరైనా పాలసీ రాసేముందు మీ పేజీలో ఎవరెవరి బటన్లు, కోడ్‌లు ఉన్నాయో లిస్టు ఇవ్వండి అంటారు, నన్నడిగితే ఆ లిస్టు అడగని లాయర్‌కి ఫీజు దండగ.

ఇప్పటి గొడవంతా యాడ్స్ మీదే. యాడ్స్ కోసం డేటా వాడతాం అని నిబంధనల్లో కలిపేస్తే యూజర్ ఒప్పుకున్నట్టే అని ఫేస్‌బుక్ నడిపే కంపెనీ మెటా వాదించింది, 2023 జనవరిలో ఐర్లాండ్ డేటా రెగ్యులేటర్ అది కుదరదని 39 కోట్ల యూరోలు వేసింది. దాంతో అదే ఏడాది నవంబర్లో డబ్బు కట్టండి లేదా ట్రాకింగ్‌కి ఒప్పుకోండి అనే పద్ధతి తెచ్చారు, దానికి 2025 ఏప్రిల్‌లో యూరోపియన్ కమిషన్ ఇంకో చట్టం కింద 20 కోట్ల యూరోలు వేసింది.