ఆవు గంటల ఆట

హామిల్టన్, న్యూజిలాండ్
సెప్టెంబరు, ఆదివారం సాయంత్రం

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకి తాతయ్య ఆశీస్సులు.

పోయిన వారం ఫోన్లో చిన్నా ఒక ప్రశ్న అడిగాడు. "తాతయ్యా, నువ్వు కోడిగుడ్డు లాంటి బంతి కోసం కొట్టుకునే ఆట చూస్తున్నావంటగా, వాళ్లు అసలు ఎందుకు కొట్టుకుంటున్నారు?" అని. చెప్పబోయేలోగా లైన్ కట్టయింది. ఫోన్లో అయ్యే పని కాదులే అని కాగితం తీశాను. మీ అమ్మ చేత చదివించుకోకుండా మీరే చదవండి. నా చేతిరాత అర్థం కాకపోతే అప్పుడు అడగండి.

న్యూజిలాండ్ అంటే మనకు తెలిసింది క్రికెట్. నేనూ అలాగే అనుకుని వచ్చాను. దిగిన కొత్తలో పక్కింటి పెద్దాయన కంచె మీద నుంచి పలకరించి, ఏ జట్టు మనిషివి అన్నాడు. నేను గర్వంగా ఇండియా అన్నాను. ఆయన నవ్వి, అది కాదయ్యా, రగ్బీలో అన్నాడు. నాకు ఏ జట్టూ లేదన్నాను. హామిల్టన్లో ఇల్లు ఉంది కదా, అయితే వైకాటో అని తనే తేల్చేశాడు. మనూళ్లో కొత్తగా కాపురానికొచ్చిన వాళ్లని "మీదే ఊరు, ఎవరి తాలూకు" అని అడుగుతాం చూడండి, ఇక్కడ అది ఇలా అడుగుతారు.

వైకాటో అనేది ఇక్కడి నది పేరు, ఈ ప్రాంతం పేరు కూడా. నది మా ఊరి మధ్యనుంచే పోతుంది. చుట్టూ ఎటు చూసినా పచ్చిక, పచ్చికలో ఆవులు. మన దగ్గర పాకలో కట్టేసి మేత వేస్తాం కదా, ఇక్కడవి ఎండలోనూ వానలోనూ బయటే మేస్తాయి. ముప్పై ఏళ్లు పాలకేంద్రంలో కూర్చుని వెన్న శాతం చూసినవాణ్ణి, నాకు ఈ ఊరు నచ్చకుండా ఉంటుందా? పక్కింటాయన కూడా పాడి చేసి చేసి, మోకాళ్లు అరిగాక పొలం కొడుక్కి అప్పగించి టౌనుకు వచ్చినవాడే. మాకు ఒకరి ఇంగ్లీషు ఒకరికి సగమే అర్థమవుతుంది. ఆవుల సంగతి మాత్రం పూర్తిగా అర్థమవుతుంది.

ఇక ఆట. ఈ దేశంలో 26 రగ్బీ సంఘాలున్నాయి, మన జిల్లాల్లాగా అనుకోండి. వాటిలో పెద్దవి పద్నాలుగు ఒక పోటీలో ఆడతాయి. దాన్ని ఎన్‌పీసీ అంటారు, 1976లో మొదలైంది. ఆక్లాండ్, వెల్లింగ్టన్, కాంటర్‌బరీ, ఒటాగో, మా వైకాటో, ఇలా. మిగిలిన పన్నెండు చిన్న సంఘాలకు వేరే పోటీ, హార్ట్‌ల్యాండ్ అని. అందులో ఆడేవాళ్లకు రగ్బీ బతుకుతెరువు కాదు. వారమంతా గొర్రెల ఉన్ని కత్తిరించో, కరెంటు పని చేసో, శనివారం బూట్లు కట్టుకుంటారు. నాకు నిజానికి ఆ పోటీ మీదే మనసెక్కువ. కానీ టీవీలో తక్కువ వస్తుంది.

జట్టుకు పదిహేను మంది. నలభై నిమిషాల చొప్పున రెండు సగాలు. బంతి పట్టుకుని ముందుకు పరుగెత్తొచ్చు, ముందుకు తన్నొచ్చు, చేత్తో మాత్రం ముందుకు విసరకూడదు. పక్కకో వెనక్కో విసరాలి. మొదట్లో నాకు అంతుపట్టనిది ఇదే. ముందుకు పోవాలంటూనే వెనక్కి విసురుతారేంటి అని. తర్వాత తెలిసింది, బంతి ఉన్నవాడే అందరికంటే ముందు, మిగతావాళ్లు అతని వెనక తోడుగా రావాలి. ఎవడు పడిపోతే వాడి వెనకవాడు అందుకోవాలి.

చెడుగుడు ఆడిన పిల్లలకు మిగతాది తేలిక. కూతకొచ్చినవాణ్ణి ఎలా పడతాం? నడుమో తొడలో కాళ్లో దొరకబుచ్చుకుంటాం. ఇక్కడా అంతే. భుజాల పైన పట్టుకున్నావా, రెఫరీ ఈల వేస్తాడు. పసుపు కార్డు చూపిస్తే పది నిమిషాలు బయట కూర్చోవాలి, ఆ పది నిమిషాలూ జట్టు పద్నాలుగు మందితోనే ఈదాలి. పడిపోయినవాడు బంతిని వదిలేయాలి. వదలకపోతే అదీ తప్పే. చిన్నా, నువ్వు చూసిన కొట్లాట అదే. కింద పడిన బంతి ఎవరిదో తేల్చుకోవడం. మీదపడి దొర్లుతున్నట్టు కనిపిస్తుంది గానీ, అందులో పక్కనుంచి దూరకూడదు, మన వైపు వెనకనుంచే రావాలి. గలాటాలో కూడా గుమ్మం ఉందన్నమాట.

స్క్రమ్ అని ఇంకొకటి ఉంది, దాని దగ్గర కాసేపు ఆగుతాను. ఎవరైనా బంతిని ముందుకు జారవిడిస్తే ఆట ఇలా మళ్లీ మొదలవుతుంది. అటు ఎనిమిది మంది, ఇటు ఎనిమిది మంది, మూడు వరుసల్లో వంగి భుజాలు కలుపుతారు. రెఫరీ మూడు మాటలు చెబుతాడు: క్రౌచ్, బైండ్, సెట్. మూడో మాటకు రెండు వైపులా ఒక్కసారిగా తలపడతారు. మొన్న మీ మావయ్య గట్టు దగ్గరి టికెట్లు కొన్నాడు. అంత దగ్గర్నుంచి టీవీలో రాని చప్పుడొకటి విన్నాను. బస్తాలు లారీలో పడేస్తే వచ్చే మొద్దు చప్పుడు, దాని వెంటే పదహారు మంది ఊపిరి ఒకేసారి బయటికి. చలి రాత్రి కదా, ఆ గుంపు మీద నుంచి ఆవిరి లేస్తోంది, అచ్చం తెల్లారుజామున పాలు పితికే వేళ గేదెల వీపుల మీద లేచినట్టు. బూట్ల కింద గడ్డి చిరిగి మట్టి లేచింది. ఇంత చేసి కదిలింది జానెడు. ఆ జానెడుకే జనం లేచి నిలబడ్డారు. నేనూ లేచాను, అమ్మమ్మ కండువా పట్టి లాగింది.

పాయింట్ల సంగతి చెప్పేస్తాను. అవతలి గీత దాటి బంతిని నేలకు అదిమితే ట్రై, అయిదు పాయింట్లు. ప్రయత్నానికి పాయింట్లేంటని బుజ్జి అడుగుతుంది, నాకు తెలుసు. పూర్వం బంతిని నేలకు ఆనించినందుకు పాయింట్లు ఉండేవి కావట, గోలు కొట్టే ప్రయత్నం చేసుకునే హక్కు మాత్రం దక్కేది. పేరు అలా మిగిలిపోయింది. ఇప్పటికీ ట్రై అయ్యాక గోలు స్తంభాల మధ్యకు తన్నే అవకాశం ఇస్తారు, దానికి రెండు. ఎక్కడ ఆనించావో దానికి సూటిగా వెనక్కి వెళ్లి తన్నాలి. అందుకే గీత దాటినవాడు అక్కడే కూలబడకుండా స్తంభాల వైపు ఇంకా పరుగెడతాడు. నేను మొదట అది ఒట్టి డాబు అనుకున్నాను. పెనాల్టీకి మూడు. గెలిస్తే పట్టికలో నాలుగు పాయింట్లు. ఏడు లేక అంతకంటే తక్కువ తేడాతో ఓడినవాడికి కూడా ఒకటి ఇస్తారు. ఓడిన జట్టు ఆఖరి నిమిషంలో ప్రాణం పెట్టి ఎందుకు ఆడుతుందో నాకు చాలా వారాలు అర్థం కాలేదు, ఆ ఒక్కటి కోసమట.

ఇంత తెలిశాక వెళ్లి ఉంటే బాగుండేది. నా మొదటి మ్యాచ్‌కి ఏమీ తెలియకుండా వెళ్లాను. చలిగా ఉందని మీ మావయ్య పాత జర్కిన్ వేసుకున్నాను, నీలం రంగుది, మీద తెల్ల చారలు. ఆ రోజు వచ్చింది ఆక్లాండ్ జట్టు. వాళ్ల రంగులు నీలం, తెలుపు. మావి ఎరుపు, పసుపు, నలుపు. వైకాటో వాళ్లకు ఆక్లాండ్ అంటే ఎలాగో చెప్పాలా? పక్కవాడు పెద్దోడు, డబ్బున్నోడు అయితే ఎలా ఉంటుందో అలాగే. మా వరుసంతా ఎర్రగా పసుపుగా ఉంటే మధ్యలో నేనొక్కణ్ణే నీలంగా కూర్చున్నాను. పైగా ఆక్లాండ్ వాడెవడో బాగా పరుగెత్తితే చప్పట్లు కూడా కొట్టాను. ముందు వరుస పిల్ల వెనక్కి తిరిగి నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. పక్కింటాయన ఒక్క మాట అనలేదు. తన మెడలోని కండువా తీసి నా మెడలో వేశాడు, పెళ్లిలో పెట్టినట్టు.

ఇక్కడ ఇంకో సంగతుంది. మా వాళ్లు చప్పట్లు కొట్టరు, ఆవు గంటలు మోగిస్తారు! పాడి ప్రాంతం కదా. 1950ల నుంచీ మూలూ అనే ఆవు ఈ జట్టుకు గుర్తు. ఆవు వేషం వేసుకున్న మనిషి గట్టు వెంట తిరుగుతుంటాడు, మన పగటివేషగాడిలా. ట్రై పడిందంటే వేల గంటలు. కళ్లు మూసుకుంటే నాకు సంక్రాంతికి ఎడ్ల బండ్లు కట్టిన రోజు గుర్తొస్తుంది.

ఇప్పుడు కట్టె దుంగ కథ. ఎన్‌పీసీ కప్పు కంటే ఇక్కడి ముసలివాళ్లు ప్రాణంగా చూసేది రాన్‌ఫర్లీ షీల్డ్. 1902లో అప్పటి గవర్నరు రాన్‌ఫర్లీ ప్రభువు ఇచ్చిన చెక్క డాలు అది. తమాషా ఏంటంటే డాలు తయారై వచ్చాక చూస్తే మధ్యలో చెక్కిన బొమ్మ రగ్బీది కాదు, ఫుట్‌బాల్‌ది! గోలు స్తంభాలు మార్చి రగ్బీ చేసేశారు. మొదట ఆక్లాండ్‌కు ఊరికే ఇచ్చారు, మంచి రికార్డు ఉందని. 1904లో వెల్లింగ్టన్ వచ్చి సవాలు చేసి పట్టుకుపోయింది. అప్పటినుంచీ పద్ధతి అదే. డాలు ఎవరి దగ్గరుంటే వాళ్ల ఇంటికి వెళ్లి గెలవాలి. సమానమైతే ఉన్నవాడిదే. ఎన్‌పీసీలో వాళ్లు సొంతగడ్డ మీద ఆడే ప్రతి లీగ్ మ్యాచ్‌లోనూ డాలు పందెంలో ఉంటుంది. బయట ఆడేటప్పుడు ఓడినా డాలు పోదు. నాకౌట్ మ్యాచ్‌లలో కూడా పోదు. సీజన్ ముందు హార్ట్‌ల్యాండ్ చిన్న సంఘాలకు కూడా సవాలు చేసే వంతు వస్తుంది. గొర్రెలు కత్తిరించేవాడు వచ్చి ఆ డాలు కోసం తలపడొచ్చు, ఆలోచించండి.

1985 నుంచి ఆక్లాండ్ వరసగా 61 సవాళ్లు కాచుకుంది. ఎనిమిదేళ్లు ఎవరివల్లా కాలేదు. 1993లో ఆక్లాండ్ నడిబొడ్డున ఈడెన్ పార్కులో దాన్ని లాక్కున్నది ఎవరనుకున్నారు? వైకాటో. ఈ కథ పక్కింటాయన నాకు కనీసం పదిసార్లు చెప్పాడు. చెప్పేటప్పుడు ఎప్పుడూ "వుయ్" అంటాడు. ఇంగ్లీషు మాటతో ఒక చిక్కుంది పిల్లలూ. "వుయ్" అంటే మేము అనా, మనం అనా? మొదట్లో నేను మేము అనే అనుకునేవాణ్ణి. 1993లో నేను ఎక్కడున్నాను, పాలకేంద్రంలో లాక్టోమీటరు ముంచుతున్నాను. మొన్న అమ్మమ్మకి ఆ కథ చెబుతూ "మనం 61వ దాని తర్వాత లాక్కున్నాం" అన్నానట. "మనం ఎవరండీ?" అని అడిగిందావిడ. జవాబు చెప్పలేక మంచినీళ్లు అడిగాను.

అన్నట్టు 2023లో హాక్స్ బే సంఘం వాళ్లు ఆ డాలు గెలిచిన సంబరంలో అది రెండు ముక్కలైంది. దేశమంతా అదే వార్త. బాగుచేశారు లెండి.

బుజ్జీ, నీకొక మాట విడిగా. ఆడపిల్లలకూ ఇలాంటి పోటీ ఉంది, ఫరా పామర్ కప్ అని. ఫరా పామర్ ఈ దేశపు మహిళా జట్టు కెప్టెన్‌గా 1998, 2002, 2006లో మూడు ప్రపంచ కప్పులు గెలిచింది, డాక్టరేట్ కూడా చేసింది. ఒక్కోసారి ఒకే టికెట్ మీద ముందు అమ్మాయిల మ్యాచ్, తర్వాత అబ్బాయిలది. చాలామంది రెండోదానికే వస్తారు. అది నాకు నచ్చలేదు. మేం మధ్యాహ్నమే పులిహోర డబ్బా పట్టుకుని వెళ్లి కూర్చుంటాం.

నిజం చెప్పాలంటే రెండోదానికీ స్టేడియం నిండదు. సగం కుర్చీలు ఖాళీ. ఈ జిల్లా పోటీలో రాణిస్తే సూపర్ రగ్బీ అనే పై మెట్టు పోటీకి, అక్కడ రాణిస్తే ఆల్ బ్లాక్స్‌కి, అంటే దేశం జట్టుకి వెళతారు. వెళ్లిన పెద్ద ఆటగాళ్లు మళ్లీ ఇక్కడ ఆడేది తక్కువ. పక్కింటాయన చిన్నప్పుడు అలా కాదట. ఇక్కడికి గంట దూరంలో టే కూయిటీ అనే గొర్రెల ఊరుంది. కోలిన్ మీడ్స్ అనే రైతు ఆ ఊరివాడు. దేశానికి ఆడినన్నాళ్లూ తన కింగ్ కంట్రీ సంఘాన్ని వదల్లేదు. 1970లో దక్షిణాఫ్రికాలో చెయ్యి విరిగినా ఆ మ్యాచ్ చివరిదాకా ఆడాడు. (చిన్నా, నువ్వు మాత్రం అలా చేయకు, మీ అమ్మ నన్ను తిడుతుంది.) ఊళ్లో ఆయన విగ్రహం ఉంది. హార్ట్‌ల్యాండ్ పోటీలో పెద్ద కప్పు ఆయన పేరుమీదే. పోయిన నెల మీ మావయ్య తీసుకెళ్లాడు. విగ్రహం పక్కన నిలబడితే నేను ఆయన మోచేతి దాకా కూడా లేను. ఫోటో పంపమని అడగొద్దు.

వచ్చే శనివారం మళ్లీ మ్యాచ్. ఇక్కడ సాయంత్రం ఏడంటే మీకు మధ్యాహ్నం పన్నెండున్నర, అన్నాలు తినే వేళ. నెలాఖరుకి ఇక్కడ గడియారాలు గంట ముందుకు తిప్పుతారు, అప్పుడు పదకొండున్నర అవుతుంది.

మీతో ఒక పని ఉంది. మా వరుసలో గంట లేనిది నాకొక్కడికే. ఇక్కడ దుకాణంలో అమ్మే గంటలు రేకువి, మోత వినబుద్ధి కాదు. మనింటి పెరట్లో, పాత గాబు పక్కన మేకుకి గౌరి మెడ గంట వేలాడుతూ ఉంటుంది, కంచుది. మీ అమ్మనడిగి దాన్ని దింపండి. తోలుపట్టీ తీసేయండి. చింతపండు, ముగ్గు వేసి బాగా తోమండి, లోపల నాలుక దగ్గర కూడా, మట్టి రవ్వ ఉండకూడదు. ఈ దేశంలో పశువులకు వాడిన ఏ వస్తువునైనా విమానాశ్రయంలో చూపించి చెప్పాలి, మట్టి కనబడితే లోపలికి రానివ్వరు. డిసెంబరులో వచ్చేటప్పుడు చేతి సంచిలో పెట్టుకోండి. ఫారంలో గంట అని మీ అమ్మ చేత రాయించండి, దాచొద్దు. అప్పటికి ఈ సీజన్ అయిపోతుంది, అయినా ఫర్లేదు, జూలై దాకా నేను సాధన చేసుకుంటాను.

ఉంటాను మరి,
తాతయ్య