రిపోర్టు నార్మల్ అయితే చాలా? హైరిస్క్ గర్భంలో బిడ్డ పరీక్షలు: అపోహలు - వాస్తవాలు

బీపీ, షుగర్, కవలలు, బిడ్డ ఎదుగుదల తగ్గడం, గతంలో కడుపులోనే బిడ్డ పోవడం... కారణం ఏదైనా ఫైలు మీద ‘హైరిస్క్’ అని పడగానే పరీక్షలు పెరుగుతాయి. వాటి వెంటే అపోహలూ పెరుగుతాయి. ఒక్కో పరీక్ష బిడ్డ గురించి ఒక్కో ప్రశ్నకే జవాబిస్తుంది. ఆ సంగతి మరిచి అన్నింటినీ పాస్, ఫెయిల్ మార్కుల్లా చదవడం వల్లే సగం గందరగోళం.

అపోహ: నెలలు నిండేకొద్దీ లోపల చోటు చాలదు కాబట్టి బిడ్డ కదలికలు తగ్గుతాయి.

అన్నింటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే. బంధువులే కాదు, ఒక్కోసారి సిబ్బంది కూడా ఈ మాట అంటుంటారు. చివరి వారాల్లో కదలికల తీరు మారవచ్చు. ఎగిరి తన్నడం తగ్గి, దొర్లడం, నెట్టడం ఎక్కువ కావచ్చు. అంతేగానీ రోజూ తెలిసే కదలికలు సన్నగిల్లకూడదు. మాయ (ప్లాసెంటా) నుంచి అందే ఆక్సిజన్ చాలనప్పుడు బిడ్డ శక్తిని పొదుపు చేసుకునేందుకు ముందుగా వదులుకునే పనుల్లో కదలిక ఒకటి.

‘ఎన్ని కదలాలి?’ అని అడుగుతారు. ఎడమ పక్కకు తిరిగి పడుకుని రెండు గంటల్లో పది కదలికలు లెక్కపెట్టమనడం చాలాచోట్ల ఉన్న పద్ధతి. నా దృష్టిలో అంకె కంటే, ఆ తల్లికి అలవాటైన తీరులో వచ్చిన మార్పే ముఖ్యం. కదలికల మీద అవగాహన పెంచినంత మాత్రాన అన్నీ సర్దుకుంటాయని కూడా అనలేం. బ్రిటన్, ఐర్లాండ్‌లలో 4 లక్షలకు పైగా గర్భాలను పరిశీలించి 2018లో ఫలితాలు ప్రచురించిన ‘అఫర్మ్’ అధ్యయనంలో, అవగాహనతో పాటు వెంటనే పరీక్షలు చేసినా మృతశిశు జననాలు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. అయినా కదలిక తగ్గిందని వచ్చిన తల్లిని పరీక్షించకుండా పంపే ప్రశ్నే లేదు. చల్లటి నీళ్లో, తీపి పానీయమో తాగి రేపటిదాకా చూద్దామనుకోవద్దు.

అపోహ: బిడ్డ గుండె చప్పుడు వినిపించే చిన్న డాప్లర్ యంత్రం ఇంటికి కొనుక్కుంటే ధైర్యంగా ఉండవచ్చు.

తీవ్ర ఇబ్బందిలో ఉన్న బిడ్డ గుండె కూడా కొట్టుకుంటూనే ఉంటుంది. పైగా వినిపించేది తల్లి నాడో, మాయలో రక్తం పారే చప్పుడో కావచ్చు. కొనవద్దనే చెబుతాను.

అపోహ: ఎన్‌ఎస్‌టీ ‘నాన్ రియాక్టివ్’ అంటే బిడ్డకు ప్రమాదమే.

ఎన్‌ఎస్‌టీ అంటే నాన్ స్ట్రెస్ టెస్ట్. పొట్టకు రెండు బెల్టులు కడతారు. ఒకటి బిడ్డ గుండె వేగాన్ని, రెండోది గర్భాశయం బిగుసుకోవడాన్ని గీస్తుంది. మామూలుగా గుండె వేగం నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉంటుంది. 32 వారాలు దాటాక, 20 నిమిషాల్లో కనీసం రెండుసార్లు ఆ వేగం ఉన్నదానికంటే కనీసం 15 పెరిగి కనీసం 15 సెకన్లు నిలిస్తే రియాక్టివ్ అంటాం. బిడ్డ నిద్రలో ఉంటే ఈ పెరుగుదల కనిపించదు. అందుకే గ్రాఫును 40 నిమిషాల వరకూ పొడిగిస్తాం. బిడ్డ ఊపిరితిత్తులు ఎదగడం కోసం తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చిన తర్వాత ఒకటి రెండు రోజులు కదలికలు, గుండె వేగంలో హెచ్చుతగ్గులు తగ్గడం మామూలే. గ్రాఫు చూసేవారికి ఆ ఇంజెక్షన్ల సంగతి తప్పక చెప్పండి.

అపోహ: రియాక్టివ్ వచ్చింది, వారం దాకా చింత లేదు.

మాయ పనితీరు మెల్లగా తగ్గే సందర్భాల్లో ఈ భరోసా చాలావరకు నిజమే. కానీ మాయ ఉన్నట్టుండి విడిపోవడాన్నీ, బొడ్డుతాడు నొక్కుకుపోవడాన్నీ ఏ గ్రాఫూ ముందుగా చెప్పలేదు. రక్తస్రావమైనా, కడుపు గట్టిపడి నొప్పి ఆగకపోయినా, కదలిక తగ్గినా ఉదయం తీసిన రిపోర్టును పక్కన పెట్టి రావాలి. అరచేతులు, అరికాళ్లు దురదపెట్టే కొలెస్టాసిస్ అనే కాలేయ సమస్యలోనూ గ్రాఫును నమ్ముకోలేం. అందులో కాన్పు ఎప్పుడన్నది రక్తంలోని బైల్ యాసిడ్స్ (పిత్త ఆమ్లాలు) స్థాయిని బట్టి నిర్ణయిస్తాం. అవి లీటరుకు 100 మైక్రోమోల్స్ చేరితే బిడ్డ చనిపోయే ముప్పు బాగా పెరుగుతుంది.

అపోహ: ఉమ్మనీరు తగ్గితే నీళ్లు ఎక్కువగా తాగితే సరిపోతుంది.

ఐదో నెల తర్వాత ఉమ్మనీటిలో ఎక్కువ భాగం బిడ్డ మూత్రమే. మాయ సరిగా పనిచేయనప్పుడు బిడ్డ శరీరం రక్తాన్ని మెదడు, గుండెల వైపు మళ్లిస్తుంది. మూత్రపిండాలకు రక్తం తగ్గి మూత్రం తగ్గుతుంది, దాంతో ఉమ్మనీరూ తగ్గుతుంది. నీళ్లు తాగితే కొలత కొంత పెరగవచ్చు గానీ మాయ బాగుపడదు. ఉమ్మనీటి సంచి చిల్లుపడి కారుతున్నా కొలత తగ్గుతుంది. కారణం తేలేవరకూ అంకెను సరిచేసుకుని ఊరట పడవద్దు.

అపోహ: పేగు మెడకు చుట్టుకుంటే సిజేరియనే.

సుమారు నాలుగు కాన్పుల్లో ఒకదానిలో కనిపించే సంగతి ఇది. స్కాన్‌లో అదొక్కటే ఉంటే సిజేరియన్ అక్కర్లేదు.

అపోహ: డాప్లర్ స్కాన్ రేడియేషన్ కదా, మాటిమాటికీ ఎందుకు?

అది ధ్వని తరంగాలతో చేసేది. ఎక్స్‌రేలాంటి రేడియేషన్ అందులో లేదు. బొడ్డుతాడు ధమనిలో గుండె స్పందనల మధ్య రక్తం ముందుకే పారుతోందా, ఆగిపోతోందా, వెనక్కి మళ్లుతోందా అన్నది ఇందులో చూస్తాం. వెనక్కి మళ్లితే పరిస్థితి తీవ్రమైనట్టే. హైరిస్క్ గర్భాల్లో ఈ పరీక్ష బిడ్డల మరణాలను తగ్గిస్తుందని అధ్యయనాల్లో తేలింది. సమస్య ఏమీ లేనివారికి మామూలుగా చేస్తే అదనపు మేలు కనబడలేదు. ‘నాకెందుకు రాయలేదు’ అని నొచ్చుకోవద్దు.

అపోహ: రిపోర్టు తేడాగా ఉంటే వెంటనే బిడ్డను తీసేయడమే మేలు.

స్కాన్‌నూ ఎన్‌ఎస్‌టీనీ కలిపి బిడ్డ స్థితికి మార్కులు వేసే బయోఫిజికల్ ప్రొఫైల్ సంగతి చూడండి. శ్వాస కదలికలు, ఒంటి కదలికలు, కండరాల బిగువు, ఉమ్మనీరు, ఎన్‌ఎస్‌టీ... ఐదింటికీ రెండేసి మార్కులు. 8 లేదా 10 వస్తే బాగున్నట్టు. 6 వచ్చిందంటే సందేహం. 37 వారాలు నిండితే ఆ సందేహంతోనే కాన్పుకు సిద్ధమవుతాం. అదే 6 మార్కులు 30వ వారంలో వస్తే, సాధారణంగా 24 గంటల్లోపు పరీక్షను మళ్లీ చేస్తాం. ఎందుకంటే ఆ వయసులో గర్భంలో గడిచే ఒక్కో రోజూ ఊపిరితిత్తులకు లాభమే. 4 లేదా అంతకంటే తక్కువ వస్తే లెక్క మారుతుంది. అప్పుడు కాన్పు వైపు మొగ్గుతాం. కాన్పు 34 వారాల లోపే తప్పదనిపిస్తే, వ్యవధి ఉన్నప్పుడు ముందుగా స్టెరాయిడ్లు ఇస్తాం. నెలలు నిండని బిడ్డను చూసుకోగల నవజాత శిశు విభాగం ఉన్న ఆసుపత్రికి తల్లిని కాన్పుకు ముందే చేరుస్తాం.