రేపటి కథలకు ఎవరి బట్టలు?

భవిష్యత్తులో మనుషులు ఏం కట్టుకుంటారు? చాలా ఏళ్లపాటు దీనికి పాశ్చాత్య సినిమాల జవాబు ఒకటే: ఒంటికి అతుక్కుపోయే వెండిరంగు సూటు. 1961లో అమెరికా మెర్క్యురీ వ్యోమగాములు వేసుకున్న మెరిసే సూట్లు, 1964లో పారిస్‌లో డిజైనర్ ఆంద్రే కురేజ్ చూపించిన తెల్లటి ‘స్పేస్ ఏజ్’ దుస్తులు ఆ ఊహను ఇంకా బిగించాయి. రేపటి లోకంలో చీర, తలపాగా, దుప్పటి ఉండవన్నమాట. ఉండేవాళ్లంతా ఒకే ఊరివాళ్లలా కనిపిస్తారు.

1977లో హాలీవుడ్ అంతరిక్ష సినిమా ‘స్టార్ వార్స్’ వచ్చాక దారి మారింది. అందులోని విలన్ డార్త్ వేడర్ శిరస్త్రాణంలో జపాన్ యోధుడు సమురాయ్ కనిపిస్తాడు, జెడైలనే యోధుల అంగీల్లో కిమోనో ఛాయ ఉంటుంది. అరువు తేవడం మొదలైంది. ఎవరి దగ్గర తెచ్చామన్నది మాత్రం కథకు అవసరం లేకపోయింది.

అదే వరసలో 1999లో వచ్చిన భాగంలో రాణి అమిడాలా ఎర్రటి దర్బారు దుస్తులు చూడండి. రెండు వైపులా కొమ్ముల్లా విచ్చుకున్న ఆ జుట్టు, లేచిన భుజాలు మంగోలియాలోని ఖల్ఖా స్త్రీలవి. డిజైనర్ ట్రిషా బిగ్గర్ పనితనానికి వంక పెట్టలేం. కానీ ఖల్ఖాల్లో ఆ అలంకారం పెళ్లయిన స్త్రీది. అమిడాలాకు పద్నాలుగేళ్లు, పెళ్లి కాలేదు. పెళ్లికాని పాత్ర కాళ్లకు మెట్టెలు పెట్టినట్టే ఇది. మన సినిమాలో అయితే టీజర్ రోజే పట్టుకునేవాళ్లం.

2018 నాటి ‘బ్లాక్ పాంథర్’ ఈ చర్చను బయటికి తెచ్చింది. కథ మన కాలంలోదే అయినా, అందులోని వకాండా అనే ఊహా ఆఫ్రికా దేశపు టెక్నాలజీ రేపటిది. దుస్తుల డిజైనర్ రూత్ ఇ. కార్టర్ ఆఫ్రికా జాతులైన మసాయిల ఎరుపునూ ండెబెలె స్త్రీల మెడ కడియాలనూ తీసుకుని, ఏది ఎక్కడిదో ఇంటర్వ్యూల్లో పేరుపెట్టి చెప్పారు. రాణి రమోండా టోపీకి మూలం పెళ్లయిన జులూ స్త్రీలు పెట్టుకునే ‘ఇసిచోలో’ అనే టోపీ. జూలియా కోర్నర్ దాన్ని త్రీడీ ప్రింటింగ్‌లో చేశారు. వస్తువు మారింది, పెట్టుకునే మనిషి హోదా మారలేదు. నా దృష్టిలో అసలు తేడా ఇదే. 2019లో కార్టర్‌కు దుస్తుల రూపకల్పనకు ఆస్కార్ వచ్చింది. ఆ విభాగంలో గెలిచిన తొలి నల్లజాతి వ్యక్తి ఆమె.

ఆ సినిమాలో సరిహద్దు తెగవాళ్లు కప్పుకునేవి ఆఫ్రికా దక్షిణాన ఉన్న లెసోతో దేశపు దుప్పట్లు. కథలో అవే డాళ్లు కూడా. వీటి చరిత్ర తమాషాగా ఉంటుంది. 1860లో అక్కడి మొష్వేష్వే రాజుకు ఓ వర్తకుడు ఉన్ని దుప్పటి కానుకిచ్చాడని చెబుతారు. ఆ తర్వాత ఇంగ్లండు మిల్లుల్లో అక్కడి ప్రజలైన బసోతోల కోసమే దుప్పట్లు నేశారు. ఇప్పుడు దక్షిణాఫ్రికా ఫ్యాక్టరీలో తయారవుతున్నాయి. మిల్లు సరుకైనా పెళ్లికీ పురుడుకీ అదే కావాలి. కాబట్టి ‘అనాదిగా వస్తున్నదైతేనే సంస్కృతి’ అన్న లెక్క ఇక్కడ పనిచేయదు. 2017లో ఫ్రెంచి ఫ్యాషన్ సంస్థ లూయీ వితాన్ ఆ నమూనాలను ఖరీదైన బట్టల మీద వేసినప్పుడు అక్కడివాళ్లు మండిపడ్డారు.

ఇప్పుడు ఈ ప్రశ్న తెలుగు తెర ముందూ ఉంది. 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’లో నీళ్లు ఎండిన కాశీకి, ‘కాంప్లెక్స్’, ‘శంబల’ అనే కథాలోకాలకి వేరువేరు దుస్తులు కావాల్సి వచ్చాయి. ఆ పని చేసింది అర్చనా రావు. ఇలాంటి కథలు ఇంకా వస్తాయి. ఎడారి తెగ అనగానే లంబాడీ అద్దాల రవికె, రాజవంశం అనగానే పోచంపల్లి ఇక్కత్ ఎవరికైనా తడుతుంది. తట్టడం తప్పుకాదు. లంబాడీల్లో ఏ నగ ఎవరు, ఎప్పుడు పెట్టుకుంటారో తండాకు వెళ్లి అడగకపోవడం తప్పు.

చట్టం సాయం తక్కువే. పోచంపల్లి ఇక్కత్‌కు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది, కానీ అది ఎక్కడో నేసిన బట్టను ఆ పేరుతో అమ్మకుండా ఆపడానికి. సినిమా రాణికి ఏ నమూనా కట్టాలన్నది వేరే సంగతి. ప్రపంచ మేధోసంపత్తి సంస్థ 2000లోనే సంప్రదాయ జ్ఞానం, జానపద కళల వంటి వాటి రక్షణపై కమిటీ వేసింది. 2024 మేలో ఒప్పందం ఒకటి కుదిరింది. అది జన్యు వనరులకూ (మొక్కలు, జంతువుల వంటి వాటి నుంచి వచ్చేవి) వాటికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానానికీ పరిమితం. దుస్తులు, నమూనాల వంటి వాటిపై బేరసారాలు ఇంకా సాగుతున్నాయి.