పని లేని కార్డుకు నిద్ర పట్టదెందుకు?

మే నెల మధ్యాహ్నం, కడపలో మా మేడ మీది గది. తెర మీద ఒక్క టెక్స్టు ఫైలు తప్ప ఏమీ లేదు. అయినా కంప్యూటరులో తెర బొమ్మను తయారుచేసే గ్రాఫిక్స్ కార్డు ఫ్యాను ఆగుతూ, మళ్ళీ తిరుగుతూ ఉంది. పని లేనప్పుడు పూర్తిగా ఆగిపోవలసిన ఫ్యాను అది. ప్లగ్గు దగ్గర వాట్ల మీటరు పెట్టి చూశాను. రెండో మానిటరు తీగ పీకగానే అంకె సుమారు 25 వాట్లు పడిపోయింది. రోజుకు పది గంటలు వాడితే నెలకు ఏడున్నర యూనిట్లు. బిల్లులో పెద్ద భారమేమీ కాదు. కానీ కరెంటు పోయి ఇన్వర్టరు మీద నడిచేటప్పుడు అది దాదాపు ఒక బీఎల్‌డీసీ సీలింగ్ ఫ్యాను తినేంత.

మొదట నా కంప్యూటరును నడిపే ఆపరేటింగ్ సిస్టం లినక్సునే తిట్టుకున్నాను. అసలు సంగతి పాత పిక్చర్ ట్యూబుల కాలం నాటిది. అందులో ఎలక్ట్రాన్ పుంజం తెర అడుగుకు చేరాక మళ్ళీ పైకి రావడానికి కాస్త వ్యవధి ఇచ్చేవారు. ట్యూబులు పోయాయి, వ్యవధి మిగిలింది. 1080 గీతల మానిటరుకు 60 హెర్ట్జ్ (సెకనుకు 60 బొమ్మలు) దగ్గర మామూలుగా అందేది 1125 గీతల సంకేతం. అదనపు 45 గీతల్లో బొమ్మ ఉండదు. అంటే సెకనుకు 60 సార్లు, ఒక్కోసారి సుమారు 0.67 మిల్లీసెకన్ల విరామం.

పని లేనప్పుడు కరెంటు ఆదాకు కార్డు తన మెమరీ వేగాన్ని తగ్గించుకుంటుంది. ఆ వేగాన్ని మార్చుకునేది ఆ సందులోనే. మారుతున్నంతసేపు మెమరీని చదవడం కుదరదు కనుక, బొమ్మ వెళ్తుండగా మారిస్తే తెర మినుక్కుమంటుంది. ఒక మానిటరు 60, ఇంకొకటి 144 హెర్ట్జ్ అయితే వాటి విరామాలు కలవవు. పసిబిడ్డలు ఇద్దరుంటే, ఇద్దరూ ఒకేసారి నిద్రపోతే తప్ప తల్లి లేవలేదు కదా! అందుకే చాలా కార్డుల్లో డ్రైవరు (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) మెమరీని పై వేగంలోనే ఉంచేస్తుంది.

చిప్పులోని ట్రాన్సిస్టర్లు ఆన్, ఆఫ్ అవడానికి ఖర్చయ్యే శక్తి వేగంతో పాటు, వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది. దానికి తోడు ట్రాన్సిస్టర్ల లీకేజీ కరెంటు. వేడి పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. కడప ఎండకు ఆ రెండో లెక్క బాగా తెలుసు.

విరుగుడు చిన్నదే. రెండు మానిటర్లకూ ఒకే రిజల్యూషన్, ఒకే రిఫ్రెష్ రేటు (ఆ హెర్ట్జ్ అంకె) పెట్టి చూడాలి. కొన్నిసార్లు 144ను 120కి దించినా చాలు. నేనైతే రెండో మానిటరును మదర్‌బోర్డు పోర్టుకు మార్చాను, దాని పని ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ చూసుకుంటోంది. ఏఎండీ కార్డయితే పవర్ స్థాయి ‘ఆటో’లోనే ఉందో లేదో చూడండి. ఆటల కోసం ‘హై’లో పెట్టి మరిచిపోయేవాళ్ళు ఉంటారు. ఎన్విడియా కార్డులు తమ స్థితిని పీ అంకెలతో చెబుతాయి: పీ0 అంటే పూర్తి మెలకువ, పీ8 అంటే సాధారణంగా విశ్రాంతి.

ప్రాసెసర్‌లోనిదీ, విడి కార్డూ అని రెండు గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌ది వేరే కథ. అక్కడ పెద్ద కార్డు పూర్తిగా ఆరిపోగలదు, మానిటరుకు శబ్దం పంపే, దానిలోని హెచ్‌డీఎంఐ ఆడియో భాగం కూడా నిద్రపోతేనే. మా పక్కింటి అబ్బాయి ల్యాప్‌టాప్‌లో ఆడియో సంగతి సరిచేశాక కూడా కార్డు ఆరలేదు. చివరికి చూస్తే, కార్డు ఎన్ని వాట్లు తింటోందో చూపించే చిన్న ప్రోగ్రామును తెర మూలన పెట్టుకున్నాడు. అది రెండు సెకన్లకోసారి కార్డును తట్టి లేపి, ‘నిద్రపోయావా?’ అని అడుగుతోంది.