వేసవిలో మీరు వదిలి వెళ్ళిన నవలలు

తెనాలి,
ఆదివారం.

అమ్ములూ, నానీ, చిట్టీ,

అందరూ కులాసా అనుకుంటాను. వేసవి సెలవులకి వచ్చి వెళ్ళేటప్పుడు నా మంచం పక్కన బల్లమీద మీరు పెట్టిపోయిన పుస్తకాలన్నీ చదివేశాను. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండాలో కూర్చుంటే పాలబ్బాయి వచ్చేదాకా అదే పని. "నీకు నచ్చవులే అమ్మమ్మా, ఇవి మా వయసువాళ్ళవి" అంది చిట్టి రిక్షా ఎక్కుతూ. కొన్ని బాగా నచ్చాయి, కొన్ని నచ్చలేదు. ఒకదాని గురించి మాత్రం మీతో తీరిగ్గా మాట్లాడాలి. ఫోన్లో చెప్తే సగంలోనే "ఊఁ, ఊఁ" అంటారని ఉత్తరం మొదలుపెట్టాను.

మీ ఈడు పిల్లల కోసమే రాసే ఈ 'యంగ్ అడల్ట్' అనే రకం మా చిన్నప్పుడు తెలుగులో లేదు. చందమామ ఉండేది. అది 1947లో పుట్టింది, నాకంటే పెద్దది. దాని తర్వాత ఎక్కడానికి మెట్టు లేదు. నిన్నటిదాకా బేతాళుడు, ఇవాళ అమ్మ చదివి తలగడ కింద పెట్టిన వారపత్రికలో సీరియలు, అంతే. అమెరికాలో లైబ్రరీలవాళ్ళు పిల్లలకీ పెద్దలకీ నడుమ ఉండే ఈ వయసు గురించి ముందే ఆలోచించారు. 1957లోనే వాళ్ళ గ్రంథాలయ సంఘం మీ వయసు పాఠకుల సేవలకి విడిగా ఒక విభాగం పెట్టింది. పదేళ్ళకి, 1967లో, 'ది ఔట్‌సైడర్స్' అనే నవల వచ్చింది. అది రాసిన ఎస్.ఇ. హింటన్‌కి అప్పుడు పద్దెనిమిదేళ్ళు. ఆడపిల్ల రాసిందని తెలిస్తే మగపిల్లల గొడవల కథని సమీక్షకులు తేలిగ్గా తీసిపారేస్తారని, పూర్తి పేరు వెయ్యకుండా పొడి అక్షరాలు వేశారు. మీ ఈడు పిల్ల మీ ఈడు వాళ్ళ కోసం రాసిన పుస్తకం అది. నానీ, ఎక్కడైనా దొరికితే నాకోసం తీసుకురా.

మాకు దొరికింది యద్దనపూడి సులోచనారాణి. మా వీధి చివర అద్దె పుస్తకాల షాపులో 'సెక్రటరీ' అట్ట ఊడిపోయి, గోధుమరంగు కాగితం అంటించి, నడుమ దారంతో కుట్టి ఉండేది. అద్దె రోజుకి పది పైసలు. ముగ్గురు స్నేహితురాళ్ళం కలిసి తెచ్చుకుని వంతులు వేసుకునేవాళ్ళం. రాత్రి లాంతరు దగ్గర ఒకరు, తెల్లారుజామున ఒకరు, బడికి వెళ్ళే దారిలో నడుస్తూ ఒకరు. అందులో రాజశేఖరం మా కళ్ళకి ఎలా కనబడ్డాడో మీకు చెప్పలేను. డబ్బు, హుందాతనం, తక్కువ మాట. అతను ఒక్కసారి కనుబొమ్మ ముడిస్తే మాకు గుండె ఆగేది. యాభై దాటాక మళ్ళీ చదివితే జయంతి కనబడింది. ఆ రోజుల్లో గడప దాటి ఉద్యోగానికి వెళ్ళి, తన జీతం తను తెచ్చుకుని, అంతటివాడికీ ఎదురు సమాధానం చెప్పిన పిల్ల. పదిహేనేళ్ళప్పుడు నేను ఆమెని దాటుకుని అతన్నే చూశాను. మీరు తెచ్చినవి చదువుతున్నంతసేపూ ఇది నాకు గుర్తొస్తూనే ఉంది.

అమ్ములూ, ఇప్పుడు నీ పుస్తకం. 'ఇట్ ఎండ్స్ విత్ అస్'. కొలీన్ హూవర్ 2016లో రాసింది. వచ్చిన కొన్నేళ్ళకి టిక్‌టాక్‌లో అమ్మాయిలు ఏడుస్తూ వీడియోలు పెడితే మళ్ళీ ఊపందుకుందని నువ్వే చెప్పావు. నా చేతిలో పెడుతూ "లవ్ స్టోరీ అమ్మమ్మా, ఏడుస్తావు చూడు" అన్నావు. అట్టమీద పువ్వులు.

బోస్టన్‌లో లిలీ పూలకొట్టు పెట్టుకుంటుంది. ఆమెకి పరిచయమయ్యే రైల్ అనే అతను మెదడు ఆపరేషన్లు చేసే డాక్టరు. అందగాడు, తెలివైనవాడు, ఆమె అంటే పడిచచ్చిపోతాడు. సగం పుస్తకం దాకా రచయిత్రి మనచేత అతన్ని ప్రేమింపజేస్తుంది. ఆ తర్వాత వంటింటి సన్నివేశం. వేడి గిన్నె పట్టుకుని అతను చెయ్యి కాల్చుకుంటాడు. గిన్నె కింద పడుతుంది. ఇద్దరూ వైన్ తాగి ఉన్నారు, లిలీకి నవ్వు ఆగలేదు. ఆపరేషన్లు చేసే చెయ్యి పాడైందన్న కంగారులో అతనున్నాడు. మరుక్షణం ఆమె నేలమీద ఉంది, కంటి పక్కన దెబ్బ. వెంటనే అతను మోకాళ్ళమీద కూర్చుని క్షమించమంటాడు.

ఆ పేజీ దగ్గర నా నోటివెంట వచ్చిన మాట ఏమిటో తెలుసా? "పాపం, కావాలని చెయ్యలేదు."

ఆ మాట నాదేనా అని నేనే కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. ఎక్కడిదో తర్వాత గుర్తొచ్చింది. మా పెద్దమ్మ కూతురు, పెళ్ళైన రెండో ఏడు, చెంప కమిలిపోయి పుట్టింటికి వచ్చింది. వరండాలో పెద్దవాళ్ళు నలుగురు కూర్చుని ఒకే మాట అన్నారు: "కోపిష్టే గానీ, మనసు వెన్న." ఇంకొకరు "నువ్వంటే ప్రాణం కాబట్టే అంత కోపం" అన్నారు. చీకటి పడకముందే ఆమెని బస్సెక్కించారు. బస్టాండు దాకా సంచి మోసింది నేనే. నాకు అప్పుడు ఇరవై రెండేళ్ళు, ఒక్క మాట అనలేదు. ఆ సంచి పట్టె ఎరుపూ తెలుపూ చారలది, ఇవాళ్టికీ నాకు కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది.

రైల్‌ది కూడా వెన్న మనసే. అందుకే ఈ పుస్తకం గట్టిదని నేనంటాను. కొట్టే మగవాణ్ణి రాక్షసుడిలా చూపిస్తే "నేనైతే ఒక్క రోజు ఉండను" అని ఎవరైనా అంటారు. ఇక్కడ అలా అనుకునే వీల్లేదు. రెండోసారి మెట్లమీంచి తోస్తాడు, తర్వాత అంతకంటే ఘోరం. ప్రతిసారీ ఏడుస్తాడు, ప్రతిసారీ నిజంగానే బాధపడతాడు. లిలీ తండ్రి కూడా అంతే, ఆమె తల్లిని కొట్టినవాడే. నవల మొదట్లోనే అతని అంత్యక్రియల దగ్గర నాలుగు మంచిమాటలు చెప్పమంటే లిలీ అందరి ముందూ నిలబడి నోరు మెదపదు. తల్లి ఎందుకు భరించిందో చిన్నప్పుడు అర్థం కాని పిల్లకి, తనకే జరిగినప్పుడు ఒక్కొక్క మెట్టు అర్థమవుతుంది. ఇది తన తల్లి జీవితంలోంచి వచ్చిందని రచయిత్రి పుస్తకం చివర రాసుకుంది.

అమ్ములూ, నువ్వు ఎక్కడ ఏడ్చావో నాకు తెలీదు. నేను ఏడ్చింది అలిస్సా దగ్గర. ఆమె రైల్‌కి తోబుట్టువు, అంటే లిలీకి ఆడపడుచు. అన్నీ విన్నాక ఆ ఆడపడుచు, నీ స్నేహితురాలిగా చెప్తున్నాను, మా వాణ్ణి మళ్ళీ రానిస్తే నీతో మాట్లాడనంటుంది. ఆ రోజు మా వరండాలో అలాంటి మనిషి ఒక్కతి లేకపోయింది. చివర్లో లిలీ పసిబిడ్డని అతని చేతిలో పెట్టి, రేపు మన కూతురు వచ్చి నా మొగుడు నన్ను కొట్టాడంటే ఏం చెప్తావని అడుగుతుంది. ఆ ప్రశ్నకి అతని దగ్గర ఉన్న జవాబు ఒకటే, అది అతనికీ తెలుసు.

నాకు నచ్చనిదీ చెప్తాను. పక్కనే అట్లస్ అనే మంచి కుర్రాడు కాచుకుని ఉంటాడు. ఒక మగవాడి దగ్గర్నుంచి బయటపడటానికి ఇంకో మగవాడు తలుపు తీసి పట్టుకుని నిలబడాలా? లిలీకి కొట్టుంది, సంపాదన ఉంది, అలిస్సా ఉంది, తల్లి ఉంది. అవి చాలు. ఇంకో సంగతి, 2023 జనవరిలో ఈ నవల పేరుతో రంగులు నింపుకునే పుస్తకం ఒకటి తెస్తామని ప్రకటించి, చదివినవాళ్ళు మండిపడితే మానుకున్నారు. దెబ్బలు తిన్న ఆడమనిషి కథని ముద్దుగా పువ్వుల అట్టలో పెట్టి "లవ్ స్టోరీ" అని చేతులు మార్చుకుంటుంటే నాకు మనసు ఒప్పదు. నువ్వు నీ స్నేహితురాళ్ళకి ఇచ్చేటప్పుడు లోపల ఏముందో చెప్పి ఇవ్వు తల్లీ. ఆ ఇళ్ళలో ఎవరికి ఏం జరుగుతోందో మనకి తెలీదు.

నానీ, నీది 'ఎలినార్ అండ్ పార్క్'. రెయిన్‌బో రోవెల్ రాసింది, కథ 1986లో ఒమాహా అనే ఊళ్ళో. స్కూలు బస్సులో ఖాళీ లేక ఒకే సీట్లో కూర్చున్న ఇద్దరు. చాలా పేజీల దాకా వాళ్ళు మాట్లాడుకోరు. అతను కామిక్ చదువుతుంటే ఆమె వారగా చూస్తుంది, అది గమనించి అతను పేజీ తిప్పడం ఆలస్యం చేస్తాడు. నాకు ఆ ఒక్క ఆలస్యం చాలు. తర్వాత ఆమె చేతికి చుట్టుకున్న సిల్కు గుడ్డ కొసతో ఆడుకుంటూ ఆడుకుంటూ మెల్లిగా చెయ్యి పట్టుకుంటాడు. వెంటపడటం లేదు, దారికడ్డం నిలబడటం లేదు. ఆమె ఇంట్లో ఒక సవతి తండ్రి ఉన్నాడు, అతని అడుగుల చప్పుడుకే పిల్లలందరూ బిగుసుకుపోతారు. బాత్రూముకి తలుపు కూడా లేని ఇల్లు అది. అలాంటి ఇంట్లోంచి వచ్చిన పిల్ల ఇంకో మగపిల్లాడి పక్కన భయం లేకుండా కూర్చోవడానికి ఎంతకాలం పడుతుందో ఆ పుస్తకం ఓపిగ్గా చెప్తుంది. నువ్వు ఇది చదివినందుకు నాకు ఎంతో సంతోషం నాన్నా. ప్రేమ నవలలు ఆడపిల్లలవి అని మీ క్లాసులో ఎవరైనా అంటే పట్టించుకోకు.

జాన్ గ్రీన్ 'ది ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్' (2012) మీ ముగ్గురూ చదివారు కాబట్టి కథ చెప్పను. మీరందరూ ఆ కుర్రాడి చావు దగ్గర ఆగిపోయారు. నేను కథలో క్యాన్సర్ ఉన్న అమ్మాయి హేజెల్ వాళ్ళ అమ్మ దగ్గర ఆగాను. పిల్ల చావుబతుకుల్లో ఉన్నప్పుడు, ఇక నేను అమ్మని కాకుండా పోతానని ఆ తల్లి భర్తతో అన్న మాట పిల్ల చెవిన పడుతుంది. అప్పట్నుంచీ ఆ పిల్ల దిగులు తన చావు గురించి కాదు, అమ్మ ఏమైపోతుందోనని. చివర్లో తెలుస్తుంది, తల్లి చాటుగా చదువుకుంటోందని, తనలాంటి కుటుంబాలకి సాయపడే పని నేర్చుకుంటోందని. ఎందుకు దాచిందంటే, నువ్వు పోయాక నేను బతకడానికి ఏర్పాటు చేసుకుంటున్నానని పిల్లకి ఎలా చెప్తుంది? ఆ పిల్ల మాత్రం సంతోషంతో ఏడుస్తుంది. మీ అమ్మలు కూడా ఒకసారి ఇది చదివితే బాగుంటుంది.

చిట్టీ, 'టు ఆల్ ద బాయ్స్ ఐ హావ్ లవ్డ్ బిఫోర్' నీదే కదా, పేజీల్లో బిస్కెట్టు పొడి ఉంది. లారా జీన్ మనసులో ఇష్టపడ్డ అబ్బాయిలకి ఉత్తరాలు రాసి, పోస్టు చెయ్యకుండా అమ్మ ఇచ్చిన టోపీ పెట్టెలో దాచుకుంటుంది. రాసేస్తే ఆ ఇష్టం తీరిపోతుందని. మనసులో గొంతుదాకా వచ్చిన మాటని కాగితం మీద పెట్టి దింపుకోవడం నాకు తెలిసిన వైద్యమే. కానీ నాకు ఆ అబ్బాయిలెవరూ గుర్తులేరు. ముగ్గురు అక్కచెల్లెళ్ళు గుర్తున్నారు. తల్లి లేదు. పెద్దది మార్గో స్కాట్లాండుకి చదువుకి వెళ్తే, ఇంటి బాధ్యత ఒక్కసారిగా రెండోదాని మీద పడుతుంది, కారు నడపాలంటేనే భయపడే పిల్ల మీద. మీ పెద్దమ్మ పెళ్ళై వెళ్ళినప్పుడు మీ అమ్మ ఇలాగే రెండు నెలలు బీరువా తాళంచెవులు నడుముకి దోపుకుని తిరిగింది. జెన్నీ హాన్ రాసిన ఆ మూడు నవలల్లో మొదటిదే నాకు ఎక్కువ ఇష్టం.

'వెన్ డింపుల్ మెట్ రిషి' సరదాగా గడిచింది. అమ్మానాన్నలు చెప్పిన సంబంధం కదా అనుకుని అతను కొత్తపిల్లని పెళ్ళాంగారూ అన్నట్టు పలకరిస్తే, ఆ పిల్ల ఐస్ కాఫీ అతని మీద పోసి పరిగెడుతుంది. ఆ పిల్ల చేసింది సబబే. అమెరికాలో పుట్టిన మన పిల్లలు ఇంట్లో వినే మాటలు అందులో ఉన్నాయి. డాన్సు పోటీ మొదలయ్యాక కాస్త నీరసపడింది.

మిగిలింది చిట్టి సంచిలో అడుగున దొరికిన లావుపాటిది, 'ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్'. నిన్ను కోప్పడను. అది 2015లో మొదట యంగ్ అడల్ట్ అనే వచ్చింది, తర్వాత అట్టలు మార్చి పెద్దవాళ్ళ అరలోకి చేర్చారు. కాబట్టి తప్పు నీది కాదు. ఆ వరసలో తర్వాత పుస్తకాలు ఇంకా పెద్దవాళ్ళవి. ఒకటి రెండేళ్ళు ఆగమని నా మాట. ఆగలేకపోతే నాకు చెప్పి చదువు, ఇద్దరం కలిసి మాట్లాడుకుందాం.

ఇక ఒకటే ఉంది. 'ఎలినార్ అండ్ పార్క్' చివర్లో ఆమె దూరంగా మేనమామ ఇంటికి వెళ్ళిపోతుంది. అతను ఉత్తరాలు రాస్తూనే ఉంటాడు, ఆమె జవాబివ్వదు. చాలా నెలలకి ఒక పోస్టుకార్డు వస్తుంది. దానిమీద మూడే మాటలు ఉన్నాయని చెప్పి, అవేమిటో చెప్పకుండా రచయిత్రి ఆపేసింది. అందరూ అనుకునే ఆ మూడు మాటలే అయ్యుంటాయని నాకు అనిపించడం లేదు. ఎలినార్ అంత తొందరగా ఆ మాట అనే పిల్ల కాదు. మీ ముగ్గురూ ఏమనుకుంటున్నారో ఒకరిది ఒకరు చూసుకోకుండా విడివిడిగా కార్డుమీద రాసి పంపండి. నేననుకున్నది పుస్తకం చివరి పేజీలో పెన్సిలుతో రాసి, పైన కాగితం అంటించి పెట్టాను. సంక్రాంతికి వచ్చినప్పుడు తీసి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ